మఠమున నూతన కన్యక

క్రైస్తవ కన్యాస్త్రీల మఠములనుగూర్చి మనవారిలో రెండు విధములగు తలంపులు వ్యాపించియున్నవి. కొందఱకు మఠమనగా శాంతినిలయము. అందడుగిడినంతనే రాగద్వేషములు వదలి మనస్సు కడిగిన ముత్యమగునని వారి నమ్మకము. మఱికొందఱకు మఠమనగా చెఱసాల. నోరులేని ఆడుపిల్లల యౌవనమును అడవిగాచిన వెన్నెల చేయుటకు కట్టిన గోడ యని వారి నిశ్చయము. ఈ రెండును గోడ వెలుపల నిలిచి చూచువారి తలంపులే. క్రొత్తగా లోపలికి పోయిన పిల్ల మొదటి దినమున ఏమి చూచును? ఎక్కడ పరుండును? ఏమి తినును? ఎవరిచేత చీవాట్లు పడును? ఇంటిమీద బెంగ పుట్టినపుడు ఎవరితో చెప్పుకొనును? ఇవన్నియు నటుండ, తాను పొరబడితినని తోచినయెడల తిరిగివచ్చుటకు ఆమెకు దారి కలదా? మా దృష్టిలో తక్కిన ప్రశ్నలకంటె ఈ కడపటిది గొప్పది. అత్తవారింటికి పోయిన బాలికకు తిరిగివచ్చు దారి లేక శతాబ్దములు గడపిన దేశము మనది. కావున పరదేశపు మఠములు ఈ ప్రశ్నకు ఏమి ప్రత్యుత్తరమిచ్చెనో తెలిసికొనుట మన గృహములకు అప్రస్తుతము కాదు.

పాశ్చాత్య మఠములకు ధర్మశాస్త్రమువంటి గ్రంథమును 6వ శతాబ్దమున ఇటలీదేశమున బెనెడిక్టు అను మహనీయుడు రచించెను. అందు 58వ అధ్యాయము క్రొత్తవారిని చేర్చుకొను విధమును చెప్పును. చేరవచ్చినవానికి సులభముగ తలుపు తీయరాదట. నాలుగైదు దినములు వాకిట నిలిచి, కసరినను విసిగినను ఓర్చుకొని, తలుపు తట్టుచునే యున్నచో లోనికి రానీయవలెను. కొన్నినాళ్లు అతిథిశాలలో నుంచి, ఆ మీదట క్రొత్తవారుండు చోటికి పంపి, అనుభవజ్ఞుడగు నొక పెద్దకు అప్పగింపవలెను. ఆ పెద్ద, దారి చల్లనిదని చెప్పి మభ్యపెట్టరాదు. అందలి రాళ్లను ముండ్లను ముందుగనే చూపవలెను. రెండు మాసములైన పిదప మఠనియమములను మొదటినుండి తుదివఱకు చదివి వినిపించి, పాటింపగలిగిన ఉండవచ్చుననియు, లేనిచో నిరాటంకముగ పోవచ్చుననియు తెలుపవలెను. మఱి యారు మాసములకు రెండవసారి, ఇంక నాలుగు మాసములకు మూడవసారి వినిపింపవలెను. ఇన్నిటి పిదపగాని వ్రతము లేదు.

మమ్ము మిక్కిలి ఆకర్షించినది ఆ యధ్యాయపు చివర నున్న యొక చిన్న విధి. వ్రతము పట్టి మఠవస్త్రములు ధరించిననాడు అతడు విడిచిన సొంతబట్టలను పాఱవేయరాదు. వానిని మఠపు బట్టలకొట్టులో భద్రపఱుపవలెను. ఏనాడైన అతడు మఠము విడువనెంచెనేని ఆ బట్టలే కట్టించి పంపవలెను. విడిచిపోవుట సైతాను ప్రేరణయే యని ఆ గ్రంథకర్త తలంచెను. ఐనను పోవువాని బట్టలు దాచియుంచుమనెను. పండ్రెండు శతాబ్దములు కాదు, పదునాలుగు శతాబ్దములకు పూర్వము వ్రాయబడిన మాట యిది!

కాని, తరువాతి యధ్యాయముననే వేఱొక దారి కానవచ్చును. తలిదండ్రులు తమ పసిబిడ్డను దేవునికి సమర్పింపదలచినచో, బిడ్డచేతిని విన్నపపత్రముతోగూడ బలిపీఠపు వస్త్రమున చుట్టి అప్పగింపవచ్చునట. ఇచ్చట వాకిట నిలుచుట లేదు. మూడుసార్లు వినిపించుట లేదు. మాట యిచ్చువారొకరు, జీవితాంతము దానిని మోయువారొకరు. బాల్యవివాహము చూచిన కన్నులకు దీనిని వివరింపనక్కఱలేదు.

ఈ రెండవ దారిని మూసివేయవలెనను ప్రయత్నము 1563లో ట్రెంటు మహాసభలో జరిగెను. పదునాఱేండ్లు నిండక, మఠవస్త్రము ధరించి పూర్తిగ ఒక యేడు శిక్షలో నుండక, ఎవరును శాశ్వతవ్రతము పట్టరాదని ఆ సభవారు శాసించిరి. కన్యక వ్రతము పట్టకముందు బిషప్పుగాని ఆయన నియమించినవారుగాని ఆమెను స్వయముగ విచారించి, ఎవరైన నిర్బంధించిరా, మోసపుచ్చిరా, తానేమి చేయుచున్నదో ఆమెకు తెలియునా యని కనుగొనవలెను. నిర్బంధించువారిని సంఘమునుండి బహిష్కరించిరి. ఇంకొక చక్కని నియమము కూడ చేసిరి: శిక్షాకాలమున పిల్ల కూటికిని గుడ్డకును తప్ప ఆమె సొత్తులో నేదియు మఠమునకు ముట్టరాదు, ముట్టినచో ఆ ధనము చిక్కుకొన్నదను భయమున ఆమె తిరిగిపోలేక నిలిచిపోవునేమో యని వారి యాలోచన. లోకజ్ఞానము గలవారు చేసిన శాసనమని దీనిని చదివినంతనే తోచును.

ఐనను శాసనము శాసనమే, లోకము లోకమే. 17వ శతాబ్దమున వెనిసు నగరపు పెద్దయిండ్లలో వరకట్నములు ఆకాశమంటెను. మఠమునకు ఈయవలసిన కట్నము అందులో కొద్దిపాలు మాత్రమే. కావున ఒక కొమార్తెకు పెండ్లిచేసి తక్కినవారిని మఠమునకు పంపుట ఆచారమయ్యెను. 1604లో జన్మించిన ఎలెనా తరబొత్తి యట్టి పిల్ల. పెద్ద కొమార్తె, కాలు కుంటిది, పెండ్లి సంతలో వెల పలుకదని తండ్రి నిశ్చయించెను కాబోలు. బాల్యముననే ఆమెను సంతన్న మఠమున చేర్చిరి. 1623లో ఆమె శాశ్వతవ్రతము పట్టి అర్కాంజెలా యను పేరు దాల్చెను. ట్రెంటు శాసనమునకు అప్పటికి అఱువదియేండ్లు. ఇష్టమేనా యని అడుగవలెనను విధి యుండనేయుండెను. తండ్రికి వెఱచిన పిల్ల నోట అడుగువానికి వలసిన ప్రత్యుత్తరము వచ్చుటకూడ వింతకాదు. ఆమె మఠమున తనంతట చదువుకొని, తండ్రుల నిరంకుశత్వముపై కత్తివంటి గ్రంథము రచించెను. 1652లో ఆమె చనిపోయిన రెండేండ్లకు అది అచ్చుపడెను. రోము నగరమువారు దానిని నిషిద్ధగ్రంథముల పట్టికలో నెక్కించిరి. ఇష్టపడి వచ్చిన కన్యాస్త్రీలను ఆమె నిందింపలేదు. కట్నము మిగుల్చుకొనుటకు దేవుని పేరు వాడుకొన్న తండ్రులను, చూచి చూడనట్లున్న ప్రభుత్వమును నిందించెను.

బలవంతమున పోయినవారి గతి యిది. ఇఁక తానుగా కోరి, అడ్డుపడినవారితో పోరాడి లోపలికి పోయిన యొక పిల్ల మొదటి యేండ్లను చూతము. మన తెలుగు కతోలికులు తెరేజమ్మ యని పిలుచుకొను లిజియో పట్టణపు తెరేజ యామె. ఆమెను పునీతురాలని 1925లో రోమున ప్రకటించిరి. కావున ఆమె పటములు, పూలు, ప్రార్థనలు చాలమంది యెఱుగుదురు. మాకు కావలసినది పటములోని పునీతురాలు కాదు. చీపురు పట్టుట చేతకాని పదునైదేండ్ల పిల్ల. తన తొలినాళ్లను ఆమెయే పిమ్మట ఒక నోటుపుస్తకమున వ్రాసియుంచుటచేతను, తోటి కన్యాస్త్రీలు విచారణలో ప్రమాణముచేసి సాక్ష్యము లిచ్చుటచేతను, ఆ గోడలోపలి సంగతులు మనకింత వివరముగ దొరకినవి.

తెరేజ మార్టిను 1873 జనవరి 2వ తేదీన ఫ్రాన్సుదేశమున ఆలన్సోన్ పట్టణమున జన్మించెను. తండ్రి లూయీ గడియారముల పనివాడు. తల్లి జెలీ సన్నని లేసు అల్లికల వర్తకురాలు. తొమ్మండ్రు సంతానములో ఐదుగురు కొమార్తెలు మాత్రమే బ్రతికిరి, తెరేజ కడగొట్టుది. ఆమెకు నాలుగేండ్లపుడు తల్లి చనిపోగా తండ్రి పిల్లలతో లిజియోకు మకాము మార్చెను. అప్పటినుండి తల్లివలె పెంచిన అక్క పోలీను 1882లో ఆ యూరి కార్మెలు మఠమున చేరెను. పెద్దక్క మరీయు 1886లో అచ్చటికే పోయెను. 1887లో తెరేజ తానును పోదునని తండ్రి నడిగెను. అప్పటికామెకు పదునాలుగేండ్లు. తండ్రి కంటతడిపెట్టి సరే యనెను.

అడ్డుచెప్పినవాడు ఆ మఠముపై అధికారముగల పురోహితుడు దెలాత్రోయెత్. ఇరువదియొక్క యేండ్లు నిండినగాని కూడదని ఆయన తీర్పు. తండ్రి ఆమెను బిషప్పుకడకు గొనిపోయెను. పెద్దదానివలె కనబడుటకు ఆ దినమున ఆమె మొదటిసారి జుట్టు ముడివేసికొన్నదట. బిషప్పు ఔననలేదు, కాదనలేదు. ఆ నవంబరున తండ్రితో రోముయాత్రకు పోయి, 20వ తేదీన పదుమూడవ లియో పోపు దర్శనమునకు నిలిచిన వరుసలో నిలిచెను. ఎవరును మాటాడరాదని ఆజ్ఞ. ఆమె పోపు పాదములకడ మోకరించి, పదునైదేండ్లకే కార్మెలులో చేరనిండని వేడెను. ఆయన, అధికారులు చెప్పినట్లు చేయుమనెను. ఆమె లేవకుండుటచే కావలివారు చేతులుపట్టి లేవదీసి బయటికి పంపిరి. ఆ సంవత్సరాంతమున బిషప్పు సమ్మతి వచ్చెను. మఠాధ్యక్షురాలు లెంటు ఉపవాసదినములు గడచువఱకు ఆగుమనెను.

1888 ఏప్రిలు 9వ తేదీ. మఠపు గుడిలో పూజ ముగిసినది. తెరేజ తండ్రి యాశీర్వాదమునకై మోకరిల్లగా, ఆ ముదుసలి తానును మోకరిల్లి ఏడ్చుచు ఆశీర్వదించెను. తలుపు తెఱచిరి. అప్పుడు దెలాత్రోయెత్ అందఱు వినునట్లు, తాను బిషప్పు ప్రతినిధిగా మాత్రమే ఈ పిల్ల నప్పగించుచున్నాననియు, ఆశాభంగమైనచో ఆ భారము మఠమువారిదే యనియు కన్యాస్త్రీలతో చెప్పెను. ఇట్టి స్వాగతవాక్యముతో పదునైదేండ్ల మూడు మాసముల వయసున ఆమె లోనికి పోయెను.

లోపల నున్నవారు ఇరువదియాఱుగురికి అటునిటు. చాలమంది నడివయసు దాటినవారు. ఆ మఠము 1838లో స్థాపింపబడినది. దాని నియమములు స్పెయినుదేశపు ఆవిలా తెరేజ 1562లో చేసిన సంస్కరణమునుండి వచ్చినవి. ఆ మహారాజ్ఞివంటి స్త్రీ తన కాలపు మఠములలో ధనికులకొక యంతస్తు, దరిద్రులకొక పడక గది యుండుట చూచి రోసి, కొద్దిమంది మాత్రముండు చిన్న మఠములను, అందఱకు ఒకే కూడు, ఒకే గుడ్డ యను నియమమును నెలకొల్పెను. సంస్కర్తల ఆశయములు మూడు శతాబ్దములు గడచిన పిదప ఎట్లుండునో చూడదలచినవారికి లిజియో మఠము మంచి తావు.

క్రొత్తపిల్లకిచ్చిన గదిలో బల్లలపై గడ్డిపరుపు, ముతక ఉన్ని దుప్పటి, ఒక పీట, నీళ్లకూజా, చిన్న దీపము, ఇసుకగడియారము. నిప్పు లేదు. మఠమంతటికి చలికాచుకొను గది ఒక్కటే. నార్మండీ సీమ చలి తడిచలి, ఎముకలలోనికి దిగును. తాను మఠమున శరీరముతో పడిన బాధలలో చలియే అన్నిటికంటె పెద్దదని ఆమె మరణశయ్యపై చెప్పెను. తొమ్మిదేండ్లలో ఒక్కనాడును అంతకుముందు చెప్పలేదు. వేసవిని తెల్లవారక అయిదుగంటలకు ముందే లేవవలెను. రోజుకు రెండు గంటలు మౌనధ్యానము. అదిగాక లాటిను భాషలో ప్రార్థనల పారాయణములు, పూజ, పని. మాంసము రోగులకు తప్ప లేదు. భోజనమున మాటలు లేవు. ఒకరు చదువుచుండ తక్కినవారు వినుచు తినవలెను. ఈ పిల్ల ఏది పెట్టినను మాటాడదని కనిపెట్టి వంటయింటివారు నిన్న మిగిలినదానిని ఆమె ముందుంచెడివారని తోటివారి సాక్ష్యము. రాత్రి పారాయణములు ముగిసి పరుండునప్పటికి పదునొకండు గంటలగును.

పదునైదేండ్ల పిల్లకు ఆ నిద్ర చాలునా? చాలలేదు. ధ్యానమున కూర్చుండి ఆమె నిద్రపోయెడిది. ఒకనాడు కాదు, ఏండ్లతరబడి. మొదట దిగులుపడెను; పిదప, బిడ్డలు మేలుకొన్నను నిదురించినను తలిదండ్రులకు ముద్దే కదా యని సమాధానపడెను. పునీతుల చరిత్రలలో ఇట్టి మాట అరుదు. మేము దీనిని చదివినపుడు ఆమెపై మాకు గౌరవము ఇనుమడించెను.

కార్మెలు మఠమున 'నా' యను మాట లేదు. మన గది, మన దీపము, మన రుమాలు అనవలెను. ఫ్రెంచిపిల్లకు ఇది నాలుక తిరుగని క్రొత్త పాఠము. తెలుగువారికి ఇది వింత కాదు; ఒంటరిగా నివసించువాడును మా యిల్లు, మా యూరు అనునే కాని నా యిల్లనడు. ఐతే నాలుకమీది యుమ్మడి వేఱు, మనస్సులోని యుమ్మడి వేఱు. మన యుమ్మడి కుటుంబములలో చెంబుకొఱకు తగవులాడినవారు 'మా యిల్లు' అనుచునే తగవులాడిరి. తెరేజ గదిలో చిన్న ముచ్చటైన కూజా యుండెడిది. ఒకనాడు దానిని తీసికొనిపోయి అంచు పగిలిన పెద్దదానిని పెట్టిరి. మఱియొక రాత్రి మౌనవేళ తన దీపమునకై వెదకగా లేదు. ఒక యామె తనదని పొరబడి తీసికొనిపోయినది. మాటాడుటకు వీలులేదు. ఆ రాత్రి చేయదలచిన పని యుండగా ఒక గంటసేపు చీకటిలో కూర్చుండెను. ఆ గంటలో తనకు 'మన' యను మాటకు అర్థము తెలిసినదని ఆమె భావము.

ఆమెకు పని నేర్పవలసినది మరీ దెసాంజ్ అను కన్యాస్త్రీ. మంచిది, మృదువైనది, మాటలు మాత్రమెక్కువ. మఠాధ్యక్షురాలు మరీ ద గోంజాగ్ కులీన కుటుంబమునుండి వచ్చినది. సమర్థురాలు, కాని క్షణక్షణము మాఱు మనస్సు గలది. ఇంటిపని ఎఱుగని కడగొట్టు పిల్లకు వరండాలు మెట్లు ఊడ్చు పని వచ్చెను. ఒకచోట సాలెగూడు మిగిలెను. అధ్యక్షురాలు దానిని చూచి, మఠమును పదునైదేండ్ల పిల్ల ఊడ్చుచున్నదని తెలియుచునే యున్నదని నలుగురిలో ఎత్తిపొడిచెను. ప్రతి సాయంత్రమును తోటలో కలుపుతీయుమని శిక్షకురాలి యాజ్ఞ; తోటకు పోవు దారిలో అధ్యక్షురాలు ఎదురుపడి, పనిపాటలు లేక దినదినము షికారు పోవు పిల్లయెట్టిదని కసరెడిది. ఒకరు పొమ్మనుట, వేఱొకరు ఏల పోతివనుట! అత్తయు ఆడుబిడ్డయు గల యింట కాపురముచేసిన కోడండ్రకు ఈ ఘట్టమునకు వ్యాఖ్యానము వలదు.

ఇంతటి కఠినురాలిమీదనే ఆ తల్లిలేని పిల్లకు ప్రీతి కలిగెను. ఏదో యొక అనుమతి యడుగు నెపమున అధ్యక్షురాలి గదికి పోయి ఒక చల్లని మాట వినవలెనని మనస్సు లాగెడిదట. ఆ గదిముందునుండి పోవునపుడు కాళ్లు నిలువక మెట్లకమ్మిని గట్టిగ పట్టుకొని గబగబ సాగిపోయితినని ఆమె పిమ్మట ఆ యధ్యక్షురాలికే వ్రాసెను. మఠజీవితమునుగూర్చి మేము చదివిన వర్ణనలలో ఆ మెట్లకమ్మిని మించినది లేదు. బెంగకు మందు దొరకు చోటు పదియడుగుల దూరమున నున్నది. కాని అచ్చటికి పోవుట అలవాటైనచో తాను నిలువలేనని ఆ పిల్ల యెఱిగినది. అక్కలు అదే కప్పుక్రింద నున్నారు. పోలీనుతో భోజనశాలలో పనియు పడెను. ఐనను పనికి వలసినవి తప్ప మాటాడరాదు. ఐదేండ్లు ఎవరికొఱకు కలవరించెనో ఆమె ప్రక్కన నిలిచి, రొట్టెలు సర్దుచు, మౌనము.

అచ్చట సెయిన్‌ప్యేర్ అను వృద్ధ కన్యాస్త్రీ కలదు; కీళ్లజబ్బు, కోపము మెండు. సాయంకాల ధ్యానము ముగియుటకు పదినిమిషములుండగా ఆమెను భోజనశాలకు నడిపించుకొనిపోవలెను. ఆమెను మెప్పించుట కష్టమని ఎఱిగియు తెరేజ ఆ పనికి తానుగా పూనుకొనెను. ముసలిది ఇసుకగడియారమును ఆడించిన, ఇఁక పోదమని సంజ్ఞ. బల్లను ఇట్లు జరుపవలెను, నడికట్టును వెనుకనుండి ఇట్లు పట్టుకొనవలెను, త్వరగా నడువరాదు, మెల్లగను నడువరాదు. కాలు తడబడినచో ఈ పిల్ల నన్ను పడవేయుచున్నదని అరుపు. భోజనశాలలో కూర్చుండబెట్టి చేతులమడతలు సవరించి పోవచ్చును. కొన్నినాళ్లకు, వంకరబోయిన చేతులతో రొట్టె కోసికొనుటకు ఆమె పడు బాధ చూచి తెరేజ తానే కోసియిచ్చి, పోవునపుడు ఒక చిఱునవ్వు నవ్వెడిది. ముసలిదాని మనస్సు గెలిచినది ఆ చిఱునవ్వని తరువాత తెలిసెను. ధ్యానమున నిద్రపోయిన పిల్లయే ఈమె యని చదువరులు మఱవకుందురుగాక.

ఇంతలో పుట్టింట పిడుగు పడెను. 1888 జూనునెలలోనే తండ్రి చెప్పక చెడక ఇల్లు విడిచిపోయి నాలుగు దినములకు హావ్ర్ రేవుపట్టణమున దొరకెను. మతి చలించుచుండెను. ఆరు మాసములకు జరుగవలసిన మఠవస్త్రధారణము వెనుకకు పోయి 1889 జనవరి 10వ తేదీన జరిగెను. ఆనాటి యాచారము ననుసరించి ఆమె పెండ్లికూతురు దుస్తులు, అనగా తెల్లని మొకమలు, తల్లి యూరి లేసు ధరించి, తండ్రి చేయిపట్టుకొని గుడిలోనికి పోయెను. వేడుక ముగిసి ముతక కపిలవర్ణపు అంగీ, జనపనార చెప్పులు ధరించి వచ్చుసరికి ముంగిట మంచు కురిసి తెల్లనై యుండెను. మంచు కురియవలెనని చిన్ననాటినుండి ఆమె కోరిక. నెల తిరిగిన రెండు దినములకు, ఫిబ్రవరి 12వ తేదీన, తండ్రిని కాన్ పట్టణపు పిచ్చివారి యాసుపత్రికి తీసికొనిపోయిరి. మూడేండ్లకు పైగా అచ్చటనే యుండెను. కొమార్తెలందఱు, ముఖ్యముగ చిన్నది, విడిచిపోవుటచేతనే ఆయనకు మతిపోయినదని ఊరివారు చెప్పుకొనిరి. ఆ మాటలు మఠపు గోడ దాటి వచ్చెను. ఆమె పోయి తండ్రిని చూచుటకు వీలులేదు. తనకు తోచిన ఊరటను జాబులలో అక్కలకు వ్రాయుట తప్ప చేయగలిగినది లేదు. ఈ యొక్క విషయమున నియమమును మేము మెచ్చుకొనజాలము.

శిక్షాకాలపు సంవత్సరము 1890 జనవరిలో నిండెను. వ్రతమును ఇంకను ఎనిమిది మాసములు వాయిదావేసిరి. ఆమె మొదట మనసు కష్టపెట్టుకొనెను. తుదకు సెప్టెంబరు 8వ తేదీ నిర్ణయమయ్యెను. దానికి ముందటిరాత్రి జరిగినది మిక్కిలి గమనింపదగినది. రోమున కావలివారు లేవదీసినను లేవని పిల్లకు, మూడేండ్లు పోరాడి తెచ్చుకొన్న దినము తెల్లవారనుండగా, తాను ఈ జీవితమునకు తగననియు, అధికారులను మోసపుచ్చుచున్నాననియు, ఇంటికి పోవలసినదే యనియు గట్టిగ తోచెను. చెప్పినచో వ్రతము నిలిపివేయుదురేమో యని భయము. ఐనను ప్రార్థనశాలనుండి శిక్షకురాలిని బయటికి పిలిచి ఉన్నదున్నట్లు చెప్పెను. ఆమె ధైర్యము చెప్పెను. అంతటితో తృప్తిపడక అధ్యక్షురాలితోను చెప్పెను. ఆమె నవ్వి ఊరకుండెను. మఱునాడు వ్రతము జరిగెను. తరబొత్తికి లేనిది, ఈమెకున్నది ఏమనగా, కడపటి రాత్రికూడ వద్దనుటకు నోరు, వినుటకు చెవి.

ఐనంతమాత్రమున దెలాత్రోయెత్ తప్పనియు, పదునైదేండ్ల పిల్లలను చేర్చుకొనుట యొప్పనియు మేమనము. ఒకతె ఒడ్డుచేరినందున ఏటికి లోతు లేదనరాదు. ఇరువదియొక్క యేండ్లదాక ఆగుమనిన ఆ ముసలి పురోహితుని మాట మాకు మంచిమాటగనే తోచుచున్నది. తెరేజ క్షయరోగముచే 1897 సెప్టెంబరు 30వ తేదీన, ఇరువదినాలుగేండ్లకే చనిపోయెను. నిప్పులేని గదులలో గడపిన తొమ్మిది చలికాలములు ఆ దేహమునకు మేలుచేసియుండవు. 1893నుండి క్రొత్తగా వచ్చిన కన్యకలకు తోడుగానుండు పని ఆమెకు పడెను. అందఱను ఒకే తీరున నడుపరాదనియు, ఒకతెకు మేలైనది వేఱొకతెకు కీడగుననియు ఆమె వ్రాసినది. అనుభవించినవారికే తెలిసిన సంగతి.

ఆమె పేరును దాల్చిన యొక పిల్ల మన దేశమునకు వచ్చినది. 1928లో పదునెనిమిదేండ్ల వయసున స్కోప్యే నగరమున తల్లిని విడిచి, ఐర్లండుదేశపు లొరేటో మఠమున కొలది వారములు ఇంగ్లీషు నేర్చుకొని, 1929 జనవరిలో కలకత్తాకు దిగి, దార్జిలింగు కొండమీది మఠమున శిక్షకు చేరెను. 1931లో వ్రతము పట్టెను; ఆమె గైకొన్న పేరు తెరీసా. లోకము ఎఱిగిన మదర్ తెరీసా ఈమెయే. 1948లో రోము అనుమతిపొంది ఆ మఠపు తలుపుననే బయటికి వచ్చి కలకత్తా వీథులలో నిలిచెను. తలుపు లోనికి మాత్రమే తెఱచుకొనునదైనచో ఆ కథ లేకపోయెడిది.

తెరేజ యింటనే ఇంకొక కథ కలదు. దానిని చెప్పువారు తక్కువ. ఐదుగురు అక్కచెల్లెండ్రలో నడిమిది లెయోనీ. 1863లో పుట్టినది. చిన్ననాటినుండి చర్మవ్యాధి, చదువు అబ్బలేదు, బడినుండి పంపివేసిరి. 1886 అక్టోబరులో ఆలన్సోన్ పట్టణమున క్లారమ్మ మఠమున చేరి రెండు మాసములు నిండకమునుపే తిరిగివచ్చెను. 1887 జూలైలో కాన్ పట్టణపు విజిటేషను మఠమున చేరి, ఆరోగ్యము చెడి, 1888 జనవరిలో ఇంటికి చేరెను. చెల్లెలికి కార్మెలు తలుపు తెఱచుకొనునని జాబు వచ్చిన వారముననే ఈమె తిరిగివచ్చినది! 1893లో మరల అదే మఠమునకు పోయెను. రెండేండ్లుండి 1895లో మరల బయటికి వచ్చెను. మూడుసార్లు పోయి మూడుసార్లు తిరిగివచ్చిన పిల్లను చూచి ఇరుగుపొరుగువారేమనిరో మన యూళ్లలోనివారు ఊహింపగలరు. ఆమె యింటివారు ప్రతిసారి తలుపు తీసిరి. మఠమువారును ఇఁక రావలదనలేదు. కార్మెలులోని అక్కచెల్లెండ్రు ఆమెకు జాబులు వ్రాయుట మానలేదు.

తెరేజ చనిపోయిన ఏడాదికి, 1898లో, ఆమె నోటుపుస్తకములు గ్రంథముగ అచ్చయ్యెను. 1899 జనవరిలో ముప్పదియైదేండ్ల లెయోనీ నాలుగవసారి కాన్ మఠపు తలుపు తట్టెను. లోపలికి పోవునపుడు, ఇఁక తాను శవపేటికలోనే బయటికి వత్తునని చెప్పినదట. మరుసటి యేడు వ్రతము పట్టెను; చెల్లెలి పేరును తన మఠనామమున కలుపుకొనెను. పూజాసామగ్రిని సర్దుట, రోగులకు తోడ్పడుట మొదలగు చిన్న పనులు చేయుచు నలువదిరెండేండ్లు అచ్చట నుండి 1941లో చనిపోయెను.